దుప్పటి వెనక రెండు తీగలు

మొన్న భోజనాల వేళ మా సెక్షన్లో నా పక్క సీటావిడ ఒక మాట అడిగింది. వాళ్ళాయన కొత్తగా స్పీకర్లు కొన్నాడట. ఆంప్లిఫయర్ నుంచి వాటికి వేసే తీగ ఒకటి ఎక్కడో చూసి మనసు పడ్డాడట. ఆ తీగ ఖరీదు ఫ్రిజ్జంత ఉందట. "మీరు పాటలు బాగా వింటారు కదండీ, అంత పెట్టి కొంటే నిజంగా తేడా వినిపిస్తుందాండి?" అంది.

చెప్పబోయి ఆగిపోయాను. ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేక కాదు. ఆ జవాబుకి ముందు ఒక మనిషి గురించి చెప్పాలి. ఆయన ఈ ఏడాదే పోయారు. పెరుగన్నం కలుపుకుంటూ చెప్పేంత చిన్న విషయం కాదు గనక, తర్వాత చెప్తానండి అని తప్పించుకున్నాను. ఇంటికొచ్చాక రాయాలనిపించింది.

పేరు రాయను. ఆయనకి పేరు మీద మోజు లేదు. తెనాలిలో ఇంటి ముందు గదే ఆయన కొట్టు. దానికి బోర్డు కూడా ఉండేది కాదు. ఎందుకు పెట్టలేదని అడిగితే, "చెడిపోయినోళ్ళకి దారి అదే తెలిసిద్ది" అనేవారు. చెడిపోయిన రేడియోలు, టేప్‌రికార్డర్లు, మైకుసెట్లు తెచ్చేవాళ్ళని ఆయన అలాగే అనేవారు, చెడిపోయినోళ్ళని. ఆ మాటకి కోపం తెచ్చుకున్నవాళ్ళని నేను చూడలేదు.

నేను పుట్టింది రేపల్లెలో. ఉద్యోగం బాపట్లలో. మా అన్నయ్య వాళ్ళు రేపల్లెలోనే ఉంటారు గనక రెండో శనివారం వచ్చిందంటే బాపట్లలో రైలెక్కి, తెనాలిలో దిగి, రేపల్లె బండి మారడం నాకు అలవాటు. రెండు బళ్ళకీ మధ్య గంట, ఒక్కోసారి రెండు గంటలు ఖాళీ. ఆ ఖాళీలోనే ఆయన నాకు దొరికారు.

నాకీ పాటల పిచ్చి ఎలా పట్టిందో కూడా ఒక ముక్క చెప్పాలి. రేపల్లెలో మా ఇంటి వెనకే బియ్యం మిల్లు. పొద్దున మొదలైతే ఆ మోత సాయంత్రం దాకా ఆగదు. మధ్యాహ్నం ఎప్పుడైనా కరెంటు పోతే మిల్లు ఆగేది. బ్యాటరీ రేడియోలో వీణ అప్పుడు వినిపించేది. అప్పటిదాకా అది మోగుతూనే ఉన్నా మాకు అందేది కాదు. కరెంటు పోవాలని కోరుకున్న పిల్ల ఊరు మొత్తానికి నేనొక్కదాన్నే అయ్యుంటాను. ఉద్యోగం వచ్చాక, చీరల బదులు స్పీకర్లు కొన్నాను. మా ఆయనకి పాట అంటే భోజనం తర్వాత వక్కపొడి లాంటిది, ఉంటే సరే, లేకపోతే లేదు. అందుకని నా గోల నాదే.

మొదటిసారి ఆంప్లిఫయర్ పాడైనప్పుడు దాన్ని బియ్యం సంచిలో పెట్టుకుని, ఒళ్ళో పెట్టుకుని తెనాలి తీసుకెళ్ళాను. అంతకు ముందు వేరే ఊళ్ళలో ఏ కొట్టుకి వెళ్ళినా, "సార్ రాలేదాండి?" అని నా వెనక చూసేవారు. ఈయన నా వెనక చూడలేదు. సంచి విప్పి, నా మొహం చూసి, "ఏం వింటుంటే ఆగింది?" అని అడిగారు. వీణ అని చెప్పాను. "ఎక్కడ ఆగింది?" అన్నారు. తానం అయిపోయి పాట ఎత్తుకోబోతుంటే అన్నాను. "అయ్యో, అన్యాయం" అన్నారు, నిజంగానే బాధపడుతూ. అప్పటికి నాకు ముప్ఫై అయిదేళ్ళు. పాట ఆగిపోతే నేను పడే బాధని బాధ కింద లెక్కగట్టిన మొదటి మనిషి ఆయనే.

పొట్టి మనిషి. లుంగీ, తెల్ల చొక్కా, జేబులో టెస్టరు. మోచేతుల దగ్గర్నుంచి కిందకి మాత్రం పొట్టితనం ఉండేది కాదు. మోకులు లాగిన చేతులవి. ఆయనది నిజాంపట్నం వైపు, సముద్రం మీద బతికిన కుటుంబం. కుర్రతనంలో మరబోటు మీద ఇంజను చూసుకునేవారట. బోటులో వైర్‌లెస్ సెట్టు పాడైతే, ఒడ్డు కనపడని చోట బాగుచేసేవాడు ఎవడుంటాడు, అలా తానే విప్పి, తానే నేర్చుకున్నారట. పెళ్ళయ్యాక భార్య, "నీళ్ళ మీద నువ్వూ, గుమ్మంలో నేనూ, ఇదేం కాపురం" అంటే తెనాలి వచ్చేశారు. ఆవిడే ఈ మాట చెప్పింది నాకు. ఆవిణ్ణి నేను పిన్ని అనేదాన్ని, ఆయన్ని బాబాయి గారని.

ఆయన దగ్గర ఏది వినాలన్నా ఒక తతంగం ఉండేది. ముందు ఫ్యాను ఆపేవారు. వీధి కిటికీ మూసేవారు. వంటింట్లో కుక్కరు ఉంటే విజిల్ వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చునేవారు. ఎదుటివాళ్ళని ఎప్పుడూ తన ఎడమ పక్కనే కూర్చోబెట్టుకునేవారు. కళ్ళు మూసుకుని ఒకసారి విని, "మళ్ళీ" అనేవారు. రెండోసారి విన్నాక గాని మంచీ చెడూ చెప్పేవారు కాదు. పరీక్షకి పాట పెట్టేవారు కాదు. పాటకి మనం లొంగిపోతామట. పిన్ని చేటలో బియ్యం చెరుగుతున్న చప్పుడు ఒకటి రికార్డు చేసి పెట్టుకున్నారు. అది వేసేవారు. గింజలు ఎగిరి పడే చప్పుడు, నూకలు జారే చప్పుడు, ఊక గాలికి లేచే చప్పుడు, అన్నీ విడివిడిగా వినిపిస్తే స్పీకరు మంచిదన్నట్టు. "చేటని మోసం చెయ్యలేం అమ్మాయ్" అనేవారు.

మనుషుల చెవుల మీద ఆయనకి పెద్ద గౌరవం లేదు. "చెవి సాక్షి కాదు, వాది. ఎవరు గెలవాలో ముందే అనుకుని కోర్టుకొచ్చిద్ది" అనేవారు. నేను నవ్వేసి ఊరుకునేదాన్ని. నా చెవి గురించి కాదులే అనుకునేదాన్ని.

ఏడెనిమిదేళ్ళు అలా గడిచాయి. ఆ తర్వాత మా ఇంట్లో ఎడమ వైపు పాట మందంగా వినపడడం మొదలైంది.

ఎలా చెప్పాలి? వీణ తీగ మీటినప్పుడు మొదట ఒక చిన్న మెరుపు ఉంటుంది. కుడి వైపు అది ఉండేది. ఎడమ వైపు ఆ మెరుపు మీద ఎవరో తడిగుడ్డ వేసినట్టుండేది. స్పీకరు పాడైందనుకుని కొత్తది తెప్పించాను. ఆంప్లిఫయర్ మార్చాను. ఇంటర్నెట్లో చదివితే, అసలు దోషమంతా తీగలోనే ఉంటుందని, మంచి తీగ వేస్తే తెర తొలగినట్టు ఉంటుందని వందమంది రాశారు. విజయవాడ వెళ్ళి ఒక తీగ కొన్నాను. నిజంగానే తెర తొలగింది. మా ఆయన్ని పిలిచి వినమన్నాను. ఆయన విని, బాగుంది అని వెళ్ళిపోయారు. రెండు వారాలకి తడిగుడ్డ మళ్ళీ వచ్చి పడింది. ఈసారి ఇంకా ఖరీదైన తీగ కొన్నాను. రెండు గాజులు కుండలో వేస్తే నాలుగు వస్తాయన్న దొంగ సన్యాసిని నమ్మినట్టు ఉంది నా వరస. ధర ఇక్కడ రాయను, మా ఆయనకి ఇప్పటికీ సగమే తెలుసు.

ఆ తీగ కట్లపాములా ఉండేది. నల్లటి అల్లిక, మీద తెల్లటి పట్టీలు, పొడుగూతా బాణం గుర్తులు. బాణాలు స్పీకరు వైపు చూసేట్టు వెయ్యాలట. అది తీసుకుని ఆ రెండో శనివారం తెనాలిలో దిగాను. నిజం చెప్పాలంటే చూపించుకోవడానికే వెళ్ళాను. ఆయన చేతిలో పెట్టి, ఆయన మెచ్చుకుంటే చూడాలని.

ఆయన తీగని అరచేతిలో తూచినట్టు చూశారు. చివర్లు చూశారు. "రాగి మంచిదే" అన్నారు. బాణం దగ్గర వేలు పెట్టి, ఇదేంటి అని అడిగారు. కరెంటు ఇటు పోవాలని గుర్తండి అన్నాను.

"స్పీకర్లోకి కరెంటు పోయిద్ది, తిరిగొచ్చిద్ది, మళ్ళీ పోయిద్ది, తిరిగొచ్చిద్ది. ఒడ్డున అల లాగా. అలకి బాణం చూపిస్తే వినిద్దా అమ్మాయ్?"

నాకు చురుక్కుమంది. "మీరు వినకుండానే అంటున్నారు బాబాయి గారూ, నాకు తేడా తెలుస్తోంది" అన్నాను. ఆయన వెంటనే తగ్గారు. ఎగతాళి చెయ్యలేదు. నిజమే, వినకుండా అనకూడదు, విందాం అన్నారు. లోపలికి వెళ్ళి పాత దుప్పటి తెచ్చి గదికి అడ్డంగా తాడు మీద వేశారు. స్పీకర్లు నా వైపు, ఆంప్లిఫయరూ తీగలూ దుప్పటి వెనక. ఒకటి నా పాము తీగ, రెండోది కరెంటు పనివాళ్ళు వాడే మామూలు జంట తీగ. మార్చే పని పిన్నికి అప్పగించారు. తాను నా పక్కన కూర్చున్నారు.

మీరే మార్చొచ్చుగా అంటే, తనకి తెలిస్తే తన మొహం చెప్పేస్తుందని, తనకీ తెలియకూడదని అన్నారు. పిన్నికి ఒక పక్క అరగదీసిన చింతపిక్క ఇచ్చారు. అది పైకి వేస్తే తెల్ల పక్క పడితే పాము తీగ, నల్ల పక్క పడితే మామూలు తీగ. ప్రతిసారీ పిన్ని పలక మీద గీత గీసుకోవాలి. నేను ఏ తీగో చెప్పాలి. ఆయన చీటీ మీద రాసుకోవాలి. పదిసార్లు.

పొయ్యి మీద కూర ఉందని పిన్ని గొణిగింది. కూర దించి వచ్చాకే మొదలుపెట్టారు.

మొదటి రెండుసార్లు ధీమాగా చెప్పాను. మూడోసారి కొంచెం ఆలోచించాను. ఆరోసారికి ఇంకోసారి వేయమని అడిగాను. పదీ అయ్యాక పలకా చీటీ పక్కపక్కన పెట్టి చూశారు. పదిట్లో అయిదు సరిపోయాయి. పిన్ని దుప్పటి పక్కకి లాగి, వినకుండా చెప్పినా చింతపిక్కకి అయిదు వచ్చేవే అంది. తనకి రెండూ ఒకటిలానే మోగాయట.

నేను తల దించుకున్నాను. లేచి బండికి వెళ్ళిపోదామనుకున్నాను. కానీ ఆయన నా మార్కుల గురించి ఆలోచించడం లేదు. చీటీ వైపే చూస్తున్నారు. నేను జవాబుతో పాటు ప్రతిసారీ ఏదో ఒక వివరం చెప్పానట. అవన్నీ రాసుకున్నారు. మామూలు తీగ అనుకున్నప్పుడు ఎడమ పక్క బాగా మందం అన్నాను. మంచి తీగ అనుకున్నప్పుడు కూడా, ఎడమ పక్క కొంచెం మందం అన్నాను. పదిసార్లూ ఎడమే.

"ఇంకొక్కసారి కూర్చో అమ్మాయ్. బండికి టైముంది" అన్నారు.

పిన్నితో లోపల ఏదో చెప్పి వచ్చారు. మళ్ళీ చేట చప్పుడే వేశారు. ఎడమ మందం అన్నాను. నాకు తెలియకుండా కుడి ఎడమలు తారుమారు చేయించారట. దుప్పటి వెనక తీగలు అటువి ఇటూ, ఇటువి అటూ. అయినా నాకు ఎడమే మందం. తర్వాత నా కుర్చీ పట్టుకుని వెనక్కి తిప్పారు. ఇప్పుడు నా వీపు స్పీకర్ల వైపు, మొహం గోడ వైపు. చప్పుడు మళ్ళీ వేశారు. ఏ చెయ్యి వైపు మందంగా ఉందో ఆ చెయ్యి ఎత్తమన్నారు. ఎడమ చెయ్యి ఎత్తాను.

ఆయన నెమ్మదిగా నా ముందుకి వచ్చి, గోడకీ నాకూ మధ్య నేల మీద కూర్చున్నారు.

"స్పీకర్లు తిరగలేదు. నువ్వు తిరిగావు. మందం నీతో పాటే తిరిగింది" అన్నారు. "జబ్బు తీగలో లేదమ్మాయ్. చెవిలో ఉంది."

నాకు మొదట కలిగింది భయం కాదు, ఉక్రోషం. నలభై మూడేళ్ళ మనిషిని, ముసలిదాన్ని చేసి మాట్లాడినట్టనిపించింది. నా చెవులు బాగానే ఉన్నాయండి, ఆఫీసులో గుసగుసలు కూడా వినిపిస్తాయి అన్నాను. ఆయన వాదించలేదు. తన కుడి చెవి దగ్గర వేలు పెట్టి, ఇది ముప్ఫై ఏళ్ళుగా పనిచెయ్యదు అన్నారు. బోటు మీద ఉన్నప్పుడు చీము పట్టిందట. వేణ్ణీళ్ళూ, కాచిన నూనె చుక్కలూ పోసుకుంటూ రెండేళ్ళు నెట్టారట. మధ్యలో వైర్‌లెస్ సెట్టు సరిగ్గా పలకడం లేదని దాన్ని నాలుగుసార్లు విప్పి బిగించారట. ఆఖరికి గుంటూరు వెళ్తే, ముందే వస్తే నిలబడేదన్నారట డాక్టరు.

"చెవి చెడితే చెవి మీద అనుమానం రాదు. లోకం మీద వచ్చిద్ది" అన్నారు. "నాది చీము. నీకు చీమూ లేదు, నొప్పీ లేదు. ఒక్క పక్కే ఎందుకు పోవాలి? చూపించుకో."

సరేనని రేపల్లె బండెక్కాను. దారి పొడుగునా ఒక చెవి మూసుకుని, మరో చెవి మూసుకుని చూసుకున్నాను. తేడా ఉంది. ఉందని ఒప్పుకోవడానికి మనసు రాలేదు. డాక్టరు దగ్గరకి వెళ్ళలేదు.

ఆయన వారానికోసారి ఫోను చేసేవారు. అంతకు ముందు ఎన్నడూ చేసిన మనిషి కాదు. వెళ్ళావా అని ఒకటే ప్రశ్న. ఆఫీసులో పని ఉందండి అనేదాన్ని. నెల దాటింది. ఆ తర్వాతి రెండో శనివారం కావాలనే తెనాలిలో స్టేషను దాటి బయటికి రాలేదు. ప్లాట్‌ఫారం మీదే కూర్చుని బండెక్కేశాను. దొంగతనం చేసినట్టనిపించింది.

ఆ సోమవారం ఉదయం మా ఆఫీసు వరండాలో ఆయన కనపడ్డారు.

తెనాలి దాటి ఆయన ఎక్కడికీ వెళ్ళరు. కొట్టు మూస్తే చెడిపోయినోళ్ళు ఏమైపోతారని పెళ్ళిళ్ళకి కూడా పిన్నినే పంపేవారు. అలాంటి మనిషి ఇస్త్రీ చొక్కా వేసుకుని, పంచె కట్టుకుని, చేతిలో టిఫిన్ క్యారియరుతో బాపట్లలో మా వరండా బల్ల మీద కూర్చుని ఉన్నారు. మా అటెండరు ఏం పని మీద వచ్చారని అడిగితే, మా అమ్మాయికి సెలవు కావాలండి అన్నారట. నేను బయటికి వచ్చి, ఇదేంటి బాబాయి గారూ అన్నాను.

"పిన్ని పులిహోర చేసిచ్చింది. దార్లో తిందాం. గుంటూరుకి బండి ఉంది" అన్నారు.

రేపు వెళ్తానండి, ఒట్టు అన్నాను. ఆయన లేవలేదు. కోపం లేదు, బతిమాలడం లేదు. నువ్వు పని చేసుకో, సాయంత్రం దాకా ఇక్కడే కూర్చుంటా, రేపు మళ్ళీ వస్తా అన్నారు. మా ఆఫీసరు తలుపు సందులోంచి చూసి, వెళ్ళండమ్మా, పెద్దాయన్ని అలా కూర్చోబెట్టకండి అన్నారు. మా ఆయనకి ఫోను చేసి చెప్పి బయల్దేరాను.

గుంటూరులో చెవి డాక్టరు దగ్గర ముందుగా నన్ను ఒక చిన్న గదిలో కూర్చోబెట్టి, చెవులకి తొడుగులు పెట్టి, చప్పుడు వినపడినప్పుడల్లా బొత్తాం నొక్కమన్నారు. కుడి చెవికి టకటకా నొక్కాను. ఎడమ చెవికి వచ్చేసరికి చాలాసేపు నా వేలు ఖాళీగా ఉండిపోయింది. యంత్రం ఆగిపోయిందేమో అనుకున్నాను. అద్దం అవతల పరీక్ష చేస్తున్న అమ్మాయి మొహం చూశాక ఆగలేదని తెలిసింది. స్కాన్ తీయించమన్నారు. రెండు రోజుల తర్వాత రిపోర్టుతో వెళ్ళినప్పుడు మా ఆయన వచ్చారు. బాబాయి గారూ వచ్చారు.

వినికిడి నరం మీద గడ్డ ఉంది. చిక్కుడు గింజంత. కేన్సరు కాదు. నెమ్మదిగా పెరిగే రకం. పెరిగితే ముందు చెవి పోతుంది, తర్వాత నడక తూలుతుంది, ఆ తర్వాత మెదడుని నొక్కుతుంది. మామూలుగా తూలి పడ్డాక గాని ఎవరూ రారట. ఇంత చిన్నగా ఉన్నప్పుడు ఎలా వచ్చారని డాక్టరు నన్ను అడిగారు.

తీగ మారుద్దామనుకుని వచ్చానండి అన్నాను. ఏడుస్తూనే అన్నాను. మా ఆయన విషయమంతా చెప్పారు. డాక్టరు మొత్తం విని, మూల స్టూలు మీద కూర్చున్న ఆయన్ని చూసి, మీరు ఈ లైన్లో పనిచేశారా అని అడిగారు. "లేదండి, మైకుసెట్లు బాగుచేస్తాను" అన్నారాయన లేచి నిలబడి. డాక్టరు ఆయన్ని కూర్చోమని, కుర్చీ తిప్పిన ముక్క ఇంకోసారి చెప్పించుకున్నారు.

హైదరాబాదులో చికిత్స చేశారు. కోత లేదు, కిరణాలతో ఒక్క రోజులో అయిపోయింది. గడ్డ పెరగడం ఆగింది. ఎడమ చెవి వినికిడి మాత్రం తిరిగి రాలేదు. పోయింది పోగా మిగిలిందే, అంతే. ఆ సంగతి తెలిశాక ఇంటికొచ్చి పాట పెట్టలేదు. మూడు నెలలు స్పీకర్ల మీద గుడ్డ కప్పి ఉంచాను. వీణ పెడితే సగం వీణే వస్తుందేమోనని భయం.

బాబాయి గారు రెండోసారి బాపట్ల వచ్చింది అప్పుడు. ఈసారి పిన్ని కూడా వచ్చింది. ఆయన గుడ్డ తీసి, ఒక స్పీకరు మూలకి జరిపేశారు. చిన్న రేకు డబ్బాలో తాను చేసుకొచ్చిన అమరిక ఏదో ఆంప్లిఫయర్ ముందు కలిపారు. కుడి పాటా ఎడమ పాటా రెండూ కలిసి ఒకే స్పీకర్లోంచి వచ్చేట్టు చేశారు. దాన్ని నా కుడి చెవికి ఎదురుగా పెట్టి, కూర్చో అన్నారు. ఫ్యాను ఆపారు. కిటికీ మూశారు. పిన్నిని మాట్లాడొద్దన్నారు.

వీణ మొత్తం వచ్చింది. ఇన్నాళ్ళూ ఎడమ పక్క తడిగుడ్డ కింద ఉండిపోయిన మృదంగం కూడా వచ్చింది. ఒకే చోటి నుంచి వచ్చింది, అయితే ఏం, మా రేపల్లె రేడియోలోనూ ఒకే చోటి నుంచి వచ్చేది. నేను ఏడుస్తుంటే మా ఆయన తడబడి టీ పెడతానని లోపలికి వెళ్ళారు.

కాస్త తేరుకున్నాక అడిగాను. "నా చెవి బాగా ఉన్నప్పుడైతే, ఆ ఖరీదు తీగలో తేడా వినిపించేదంటారా బాబాయి గారూ?"

వినిపించదని తేల్చి చెప్తారనుకున్నాను.

"నాకు వినిపించలేదు. మీ పిన్నికి వినిపించలేదు. కానీ నాదీ ఒక్క చెవే కదమ్మాయ్" అన్నారు. "వినిపిస్తుందనే వాళ్ళు ఎవరన్నా వస్తే, దుప్పటి కడదాం."

ఆ మాట నాకు ఎంత నచ్చిందో చెప్పలేను. ఒక మనిషి తనకి తెలిసింది ఇంత గట్టిగా నిలబెట్టి, తెలియనిది ఇంత తేలిగ్గా ఒప్పుకోవడం నేను మళ్ళీ చూడలేదు. ఆ పాము తీగ తీసేయమంటారా అని అడిగితే, ఎందుకూ, పనిచేస్తోందిగా అన్నారు. అది ఇప్పటికీ మా ఇంట్లో ఉంది. బాణాలు ఎటు చూస్తున్నాయో నేను పట్టించుకోను.

అప్పట్నుంచి ఏడాదికోసారి గుంటూరులో స్కాన్. రిపోర్టు చేతికి రాగానే ముందు ఆయనకే ఫోను చేసేదాన్ని, మా ఆయన పక్కనే ఉన్నా సరే. పెరగలేదని చెప్తే, సంతోషం అని పెట్టేసేవారు.

ఈ ఏడాది ఫోను పిన్ని ఎత్తింది. ఆయన్ని పిలవమన్నాను. రెండు నెలల కిందట నిద్రలోనే పోయారట. ఆఫీసు పనితో మూడు నెలలుగా నేను రేపల్లె వైపే వెళ్ళలేదు. నాకెందుకు చెప్పలేదు పిన్నీ అన్నాను.

"చెప్పొద్దన్నారమ్మాయ్. ముందు నుంచీ అంటుండేవారు, నాకేదన్నా అయితే స్కాన్ అయ్యేదాకా దానికి చెప్పొద్దు, దిగులు పెట్టుకుని వెళ్ళకుండా ఊరుకుంటది, అని. నువ్వే ఫోను చేస్తావు, అప్పుడు చెప్పమన్నారు" అంది. తర్వాత అడిగింది, "పెరిగిందా?"

పెరగలేదు పిన్నీ అన్నాను.

గుంటూరు నుంచి బాపట్లకి తిరిగి వెళ్ళాల్సిన దాన్ని తెనాలిలో దిగిపోయాను. ముందు గది ఖాళీగా ఉంది. బాగుచేయడానికి ఇచ్చిన సామాన్లన్నీ పిన్ని ఎవరివి వాళ్ళకి అప్పజెప్పేసిందట. గోడకి ఆయన ఫొటో ఉంది. దాని కింద పీట వేసి, ముందు అన్నం తినమంది. తిన్నాక, రిపోర్టు తెచ్చావా అని అడిగింది. సంచిలోంచి తీసి ఇచ్చాను. అటూ ఇటూ తిప్పి చూసి, మళ్ళీ నాకే ఇచ్చింది.

"ఇంగ్లీషులో ఉంది. చదువమ్మాయ్. ఆయన ముందు చదువు" అంది.

పీట మీద కూర్చుని మొదటి లైను నుంచి చదివాను. గడ్డ కొలత దగ్గర ఆపి, పోయినేడాది ఎంతుందో అంతే ఉందని తెలుగులో చెప్పాను. అక్కడితో చాలనుకున్నాను. పిన్ని ఒప్పుకోలేదు. అంతా చదవమంది. నాకూ ఆవిడకీ అర్థం కాని మాటలన్నీ, చివర సంతకం దాకా, ఆగకుండా చదివాను.